రక్తంలోని అమైనో ఆమ్లాలు గుండెజబ్బు తెస్తాయని జన్యువులు తేల్చేశాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. రక్తంలో ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలీన్ అనే అమైనో ఆమ్లాలు (ఈ మూడింటినీ కలిపి బీసీఏఏలు అంటారు) ఎక్కువగా ఉన్నవాళ్ళకి గుండెజబ్బు ఎక్కువని చాలాచోట్ల చదివారు. ఈమధ్య ఒక పేపర్లో "జన్యు ఆధారాలతో ఇది కారణమేనని తేలింది" అని రాశారు. దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? నమ్మాల్సిందే అయితే మీరు వాడుతున్న బీసీఏఏ పౌడర్ మానెయ్యాలా?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఈ మూడింటి విషయంలో "గుండె రక్తనాళాల జబ్బుకి ఇవే కారణం" అనేంత బలం జన్యు ఆధారానికి ఇంకా రాలేదు. ఇన్సులిన్ సరిగా పనిచెయ్యకపోవడం వల్ల ఇవి రక్తంలో పేరుకుంటున్నాయనే ఆధారం అంతకంటే గట్టిగా ఉంది. గ్లైసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం కథ వేరు. అది గుండెకి మేలు చేస్తుండొచ్చనడానికి కాస్త పట్టున్న ఆధారమే ఉంది, కాకపోతే ఆ బరువులో చాలా భాగాన్ని ఒకే ఒక్క జన్యువు మోస్తోంది. హోమోసిస్టీన్ అనే మరో అమైనో ఆమ్లం సంగతి దాదాపు తేలిపోయింది, గుండెపోటు వరకు దాని మీద కేసు నిలబడలేదు. పౌడర్ గురించి చివర్లో చెబుతాను.

జన్యు డేటానీ, రక్త పరీక్షల డేటానీ కలిపి ఏది కారణం, ఏది కేవలం తోడుగా కనబడే గుర్తు అని విడదియ్యడమే నా పని. ఇలాంటి పేపర్ చేతికొస్తే నేను పి-వాల్యూ దగ్గర మొదలుపెట్టను. ఎన్ని వేరియంట్లు (మనిషికీ మనిషికీ జన్యువులో ఉండే అక్షరం తేడాలు) వాడారన్నదీ తర్వాతి మాటే. అవి ఏ జన్యువుల్లో ఉన్నాయి, ఆ జన్యువులు ఒంట్లో ఏం పని చేస్తాయి అన్నది ముందు చూస్తాను. సగం పేపర్ల భవితవ్యం అక్కడే తేలిపోతుంది.

ఇంత గొడవ ఎందుకు, రక్తంలో కొలిచి, కొన్నేళ్ళు ఆగి, ఎవరికి జబ్బొచ్చిందో చూస్తే సరిపోదా అని మీకు అనిపించొచ్చు. అలా చూసినవి చాలానే ఉన్నాయి. ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనంలోని రెండో తరం మీద 2011లో వచ్చిన పని ప్రసిద్ధం: ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలీన్, టైరోసిన్, ఫినైల్‌అలనీన్ అనే ఐదు అమైనో ఆమ్లాలు ఎక్కువగా ఉన్నవాళ్ళకి, షుగర్ మామూలుగానే ఉన్న రోజుల్లోనే, రాబోయే 12 ఏళ్ళలో డయాబెటిస్ వచ్చే అవకాశం ఎక్కువని చూపింది. 2015లో వేరే బృందం మూడు పెద్ద జనసమూహాల్ని కలిపి చూస్తే ఫినైల్‌అలనీన్ గుండె, రక్తనాళాల జబ్బుల్ని ముందుగా సూచించే వాటిలో ఒకటిగా నిలిచింది. అంకెల్లో తప్పేం లేదు. చిక్కంతా వాటి అర్థంతోనే. పొట్ట చుట్టూ కొవ్వున్న మనిషికి ఇన్సులిన్ నిరోధకత ఉంటుంది, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉంటాయి, బీపీ ఉంటుంది, కాలేయంలో కొవ్వుంటుంది, ఈ అమైనో ఆమ్లాలూ ఎక్కువగానే ఉంటాయి. అన్నీ ఒకే గుంపుగా తిరుగుతుంటే దొంగ ఎవరో, పక్కన నడిచినవాడెవరో కొలత ఒక్కదానితో తేలదు. లెక్కల్లో "సర్దుబాటు" చేశామంటారు గానీ కొలవనిదాన్ని సర్దలేం, సరిగ్గా కొలవనిదాన్ని సగమే సర్దగలం.

జన్యువులు ఇక్కడే పనికొస్తాయి. తల్లిదండ్రుల నుంచి ఏ ప్రతి వస్తుందన్నది పుట్టకముందే, యాదృచ్ఛికంగా నిర్ణయమైపోతుంది. తర్వాత మీరు ఏం తిన్నా, ఎంత బరువు పెరిగినా, ఏ జబ్బు తెచ్చుకున్నా ఆ అక్షరం మారదు. కాబట్టి ఒక అమైనో ఆమ్లాన్ని జీవితాంతం కాస్త ఎక్కువగా ఉంచే వేరియంట్ ఉన్నవాళ్ళలో గుండెజబ్బు కూడా ఎక్కువగా కనిపిస్తే, దానికి అలవాట్లనో జబ్బునో తప్పుపట్టడం కష్టం. దీన్నే మెండీలియన్ రాండమైజేషన్ అంటారు. 1986లో మార్టిన్ కటాన్ అనే డచ్ శాస్త్రవేత్త లాన్సెట్‌కి రాసిన చిన్న ఉత్తరంలో ఈ ఆలోచన బీజం ఉంది. ఆయన ప్రశ్న తక్కువ కొలెస్ట్రాల్ క్యాన్సర్ తెస్తుందా అన్నది. 2003లో జార్జ్ డేవీ స్మిత్, షా ఇబ్రహీం దీన్ని ఒక పద్ధతిగా నిలబెట్టారు.

లెక్క ఎంత సరళమో ఒకసారి చూపిస్తాను, ఎందుకంటే ఆ సరళత్వమే జనాన్ని మోసం చేస్తుంది. కింది అంకెలు కేవలం ఉదాహరణకి నేను వేసుకున్నవి. ఒక వేరియంట్ ఒక్కో ప్రతికి గ్లైసిన్‌ని 0.5 స్టాండర్డ్ డీవియేషన్ (మనుషుల మధ్య మామూలుగా ఉండే తేడాకి కొలమానం) పెంచుతుంది అనుకోండి. అదే వేరియంట్ గుండెజబ్బు లాగ్-ఆడ్స్‌ని (జబ్బు అవకాశాన్ని లాగరిథంలో చెప్పే అంకెని) 0.02 తగ్గిస్తుంది అనుకోండి. రెండోదాన్ని మొదటిదాంతో భాగించండి: మైనస్ 0.04. ఆడ్స్ రేషియోలోకి (అది 1 అయితే తేడా లేనట్టు, 1 కంటే తక్కువైతే జబ్బు తక్కువైనట్టు) మారిస్తే సుమారు 0.96. అంటే గ్లైసిన్ ఒక స్టాండర్డ్ డీవియేషన్ పెరిగితే జబ్బు ఆడ్స్ 4 శాతం తగ్గుతాయని అంచనా. ఇంతే. ఇలాంటి భాగహారాలు 20 వేరియంట్లకి చేసి, కచ్చితత్వాన్ని బట్టి బరువులిచ్చి సగటు తీస్తే మీరు పేపర్లలో చూసే ఇన్వర్స్ వేరియన్స్ వెయిటెడ్ అంచనా వస్తుంది. అమైనో ఆమ్లం అంకెలు ఒక అధ్యయనం నుంచి, గుండెజబ్బు అంకెలు వేరే అధ్యయనం నుంచి తెచ్చుకోవచ్చు. గుండెజబ్బుకి కార్డియోగ్రామ్‌ప్లస్‌సీ4డీ బృందం 2015లో దాదాపు 60,800 మంది రోగులతో ఇచ్చిన పట్టిక అందరికీ అందుబాటులో ఉంది. 2022లో వచ్చినదాంట్లో రోగులే 1 లక్షా 81 వేలు దాటారు. కంప్యూటర్ ముందు కూర్చుంటే మధ్యాహ్నానికి ఫలితం చేతిలో ఉంటుంది. అందుకే ఇన్ని పేపర్లు.

ఆ భాగహారం అర్థవంతం కావాలంటే మూడు షరతులు నిలబడాలి. వేరియంట్ నిజంగా ఆ అమైనో ఆమ్లాన్ని మార్చాలి. ఆ వేరియంట్‌తో పాటు వంశమూలాల తేడాల్లాంటివి చేరి లెక్కని చెడగొట్టకూడదు. మూడోది, అసలు ప్రాణం పోసేదీ తీసేదీ ఇదే: ఆ వేరియంట్ గుండెని చేరే దారి ఆ అమైనో ఆమ్లం గుండా మాత్రమే ఉండాలి. మొదటిది కొలిచి చూడొచ్చు. రెండోదానికి తగిన జాగ్రత్తలున్నాయి. మూడోదాన్ని ఏ పరీక్షా పూర్తిగా నిరూపించలేదు. జీవరసాయన శాస్త్రం తెలిసి ఊహించాలి, అంతే.

అమైనో ఆమ్లాలకి ఈ మూడో షరతు ఎందుకంత కష్టమో చెప్పాలి. ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌ని తీసుకోండి. పీసీఎస్‌కే9 జన్యువు చేసే ముఖ్యమైన పని కాలేయంలో ఎల్‌డీఎల్ గ్రాహకాలను, అంటే రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాగేసేవాటిని, తగ్గించడం. అది పాడైన నల్లజాతి అమెరికన్లలో ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, గుండెజబ్బు 88 శాతం తక్కువ అని 2006లో తేలింది. తర్వాత అదే ప్రోటీన్‌ని అడ్డుకునే మందులు వచ్చాయి, అవి గుండెపోట్లని తగ్గించాయి కూడా. జన్యువుకీ, రసాయనానికీ, జబ్బుకీ మధ్య దారి తిన్నగా ఉంది. అమైనో ఆమ్లాలకి అలాంటి తిన్నని దారి అరుదు. అవి ప్రోటీన్‌కి ముడిసరుకు, కాలేయంలో చక్కెరకి ముడిసరుకు, నత్రజనిని బయటికి పంపే రవాణా వాహనాలు. వాటి మట్టాన్ని మార్చే జన్యువు ఇంకో నాలుగు మట్టాలని కదిలించకుండా ఉండడం కష్టం.

ఇప్పుడు బీసీఏఏలకి వద్దాం. వీటి మీద 2016లో వచ్చిన పెద్ద జన్యు అధ్యయనంలో అన్నిటికంటే బలమైన సంకేతం పీపీఎం1కే అనే జన్యువు దగ్గర దొరికింది. ఇది చేసే పని: బీసీఏఏలని కరిగించే ముఖ్యమైన ఎంజైమ్ సముదాయం ఉంది, బీసీకేడీహెచ్ అంటారు. దాని మీద ఫాస్ఫేట్ తగిలిస్తే పని ఆగుతుంది. ఆ తగిలించేది బీడీకే అనే కైనేజ్. ఊడబీకి మళ్ళీ పనిలోకి దించేది పీపీఎం1కే. రక్తంలో బీసీఏఏ మట్టాన్ని చెరువు మట్టం అనుకుంటే పీపీఎం1కే తూము తలుపు లాంటిది. తలుపు సరిగా తెరుచుకోకపోతే పై నుంచి అదనంగా చుక్క నీరు రాకపోయినా మట్టం పెరుగుతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, పౌడర్ దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

ఆ 2016 అధ్యయనం ఈ వేరియంట్లతో లెక్కేసి బీసీఏఏలు ఎక్కువైతే టైప్ 2 డయాబెటిస్ ఎక్కువవుతుందని చెప్పింది. గుండెజబ్బు గురించి కాదు, డయాబెటిస్ గురించి. చాలామంది రాసేటప్పుడు ఈ రెంటినీ కలిపేస్తున్నారు. వినడానికి బాగుంది, జన్యువు బీసీఏఏ దారిలోనే ఉంది కదా. కానీ 2018లో ఒక ముఖ్యమైన విషయం బయటపడింది: ఈ బీడీకే, పీపీఎం1కే జంట బీసీకేడీహెచ్ దగ్గరే ఆగడం లేదు. కాలేయంలో కొవ్వు తయారీకి దారి తెరిచే ఏటీపీ సిట్రేట్ లయేజ్ అనే ఎంజైమ్‌ని కూడా ఇదే జంట నడుపుతోంది. అంటే పీపీఎం1కే మందగిస్తే బీసీఏఏలు పెరుగుతాయి, అదే సమయంలో కాలేయం కొవ్వు తయారీ వైపు మొగ్గుతుంది. ఇప్పుడు చెప్పండి, జబ్బు వచ్చింది బీసీఏఏల వల్లా, కొవ్వు వల్లా? మెండీలియన్ రాండమైజేషన్ లెక్కకి ఈ తేడా తెలియదు. అది భాగహారం చేసి అంకె ఇచ్చేస్తుంది. ఏటీపీ సిట్రేట్ లయేజ్ అనామకమైన ఎంజైమేమీ కాదు, బెంపిడోయిక్ యాసిడ్ అనే కొలెస్ట్రాల్ మందు గురిపెట్టేది దాన్నే.

ఇలా ఒకే జన్యువు రెండు వేర్వేరు దారుల్లో పనిచెయ్యడాన్ని ప్లయోట్రోపీ అంటాం. అమైనో ఆమ్లాల డేటాలో దీనికి నిలువెత్తు ఉదాహరణ జీసీకేఆర్. గ్లూకోకైనేజ్‌ని అదుపులో ఉంచే ప్రోటీన్ అది. ఆ జన్యువులోని ఒక ప్రసిద్ధ వేరియంట్ ట్రైగ్లిజరైడ్లని పెంచుతుంది, పరగడుపు గ్లూకోజ్‌ని తగ్గిస్తుంది, అలనీన్‌ని, ఇంకా బోలెడు మెటబొలైట్లని కదిలిస్తుంది. ఏ అమైనో ఆమ్లానికి వేరియంట్లు వెతికినా పట్టికలో ఎక్కడో ఒకచోట ఇది తగులుతుంది. ఆటోమేటిక్‌గా ఎంచుకుంటే లోపలికొచ్చి కూర్చుంటుంది. జీసీకేఆర్‌ని ఉంచి, దాని గురించి ఒక్క మాట కూడా అనని పేపర్ కనిపిస్తే నేను మిగతాది అనుమానంతోనే చదువుతాను.

సరే, రెండో వైపు నుంచి లెక్కేస్తే? ఇన్సులిన్ నిరోధకతకి సంబంధించిన వేరియంట్లు తీసుకుని, అవి బీసీఏఏలని మారుస్తాయా అని చూడొచ్చు. 2017లో రెండు వేర్వేరు బృందాలు ఇది చేశాయి. మారుస్తాయనే తేలింది. ఇన్సులిన్ నిరోధకత పెంచే జన్యువులున్నవాళ్ళలో బీసీఏఏలు పెరిగి ఉన్నాయి. ఇది శరీరధర్మానికీ సరిపోతుంది: కండరంలో ప్రోటీన్ విచ్ఛిన్నాన్ని ఆపేదీ, అమైనో ఆమ్లాల వాడకాన్ని నడిపేదీ ఇన్సులినే కదా. కాబట్టి ఫ్రేమింగ్‌హామ్‌లో చూసిన ఆ "ముందస్తు సంకేతం"లో చాలా భాగం, జబ్బు అప్పటికే లోపల మొదలైందనడానికి గుర్తు అయ్యుండొచ్చు. రెండు దిశలూ కొంత నిజం కావడం కూడా సాధ్యమే. కానీ బీసీఏఏల నుంచి నేరుగా గుండెజబ్బుకి వేసే బాణం దగ్గరికొచ్చేసరికి, ఏ వేరియంట్లు తీసుకున్నారు, ఏ పద్ధతి వాడారు అన్నదాన్ని బట్టి ఫలితం ఊగుతోంది. అలా ఊగే ఫలితాన్ని నేను "తేలింది" అనను.

గ్లైసిన్ దగ్గర కాస్త ఆగుతాను, నాకు ఈ మొత్తం విషయంలో ఆసక్తికరంగా అనిపించేది అదే.

పరిశీలన అధ్యయనాల్లో గ్లైసిన్ ఎక్కువున్నవాళ్ళకి గుండెజబ్బు, డయాబెటిస్ రెండూ తక్కువ. 2019లో 80,003 మంది మీద చేసిన జన్యు విశ్లేషణ 27 చోట్ల గ్లైసిన్‌ని మార్చే వేరియంట్లు పట్టుకుంది. వాటితో లెక్కేస్తే గ్లైసిన్ ఎక్కువైతే గుండె రక్తనాళాల జబ్బు తక్కువని వచ్చింది. అందులో కొంత బీపీ ద్వారా నడుస్తుండొచ్చని కూడా వాళ్ళు అన్నారు. డయాబెటిస్‌కి మాత్రం ఆధారం బలహీనం. అక్కడ దిశ తిరగబడి, ఇన్సులిన్ ఎక్కువవడమే గ్లైసిన్‌ని తగ్గిస్తున్నట్టు కనబడింది. ఒకే పేపర్లో ఒక జబ్బుకి ఒక దిశ, ఇంకో జబ్బుకి ఇంకో దిశ. నిజాయితీగా చేసిన పని ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు మీరు ఆ రకం డేటాతో ఒక చుక్కల పటం వేశారనుకోండి. అడ్డంగా ప్రతి వేరియంట్ గ్లైసిన్‌ని ఎంత మారుస్తుందో, నిలువుగా అదే వేరియంట్ గుండెజబ్బుని ఎంత మారుస్తుందో. ఎడమవైపు సున్నా దగ్గర చుక్కలన్నీ ముసురుకుని ఉంటాయి, ఒక్కోదాని చుట్టూ పొడుగాటి ఎర్రర్ గీతలు. కుడివైపు దూరంగా ఒకే ఒక్క చుక్క, చిన్న ఎర్రర్ గీతలతో. అదే సీపీఎస్1. సగటు గీత ఎటు వాలాలో ఆ ఒక్క చుక్కే శాసిస్తుంది. దాన్ని తీసేసి మళ్ళీ గీస్తే గీత చుట్టూ ఉండే అనిశ్చితి పట్టీ విసనకర్రలా విచ్చుకుంటుంది. ఒక్కోదాన్ని వదిలి మళ్ళీ లెక్కించడం అనే పరీక్ష ఇందుకే. 27 వేరియంట్లు అన్నప్పుడు 27 సాక్షులు అనుకోకండి. ఒక గట్టి గొంతు, మిగతా గుసగుసలు.

సీపీఎస్1 ఎవరు మరి? కాలేయం మైటోకాండ్రియాలో యూరియా చక్రానికి మొదటి మెట్టు. అమ్మోనియాని పట్టుకుని కార్బమోయిల్ ఫాస్ఫేట్‌గా మార్చే ఎంజైమ్. ఈ జన్యువులో 1405వ స్థానంలో థ్రియోనిన్ బదులు ఆస్పరజీన్ వచ్చే మార్పు చాలామందిలో ఉంటుంది. అది ఉన్నవాళ్ళలో గ్లైసిన్ పెరుగుతుంది, ఆడవాళ్ళలో మరీ ఎక్కువగా. 2016లో వచ్చిన ఒక పని దీన్ని గుండెజబ్బుతో కలిపి చూస్తే రక్షణ ఆడవాళ్ళలోనే కనిపించింది. గ్లైసిన్ ఎక్కడ ఎక్కువ పెరిగిందో అక్కడే జబ్బు తగ్గడం నాకు ఒక మంచి సూచనగా అనిపిస్తుంది, ఎందుకంటే వేరే దారి ఏదైనా ఉంటే ఆడా మగా తేడా ఇలా జతకూడాల్సిన పని లేదు. అయితే అదే వేరియంట్ ఫైబ్రినోజెన్‌తో (రక్తం గడ్డకట్టడంలో పనిచేసే ప్రోటీన్) ముడిపడి ఉంది, హోమోసిస్టీన్‌తో ముడిపడి ఉంది, క్రియాటినిన్‌తో (కిడ్నీ పరీక్షలో చూసేది) ముడిపడి ఉంది.

ఇక్కడ ఓ చిన్న మెలిక. క్రియాటినిన్‌తో సంబంధం కనబడగానే "చూశారా, కిడ్నీ దారి కూడా ఉంది, ప్లయోట్రోపీ" అని కొట్టిపారెయ్యకూడదు. శరీరం క్రియాటిన్‌ని గ్లైసిన్, ఆర్జినిన్‌ల నుంచి తయారుచేసుకుంటుంది, క్రియాటిన్ నుంచి క్రియాటినిన్ వస్తుంది. గ్లైసిన్ పెరిగినందువల్లే క్రియాటినిన్ పెరిగి ఉంటే అది పక్కదారి కాదు, అదే దారిలో తర్వాతి మైలురాయి. దానివల్ల లెక్క చెడదు. ఫైబ్రినోజెన్ సంబంధాన్ని అలా తేలిగ్గా సర్దిచెప్పలేం. ఏది పక్కదారి, ఏది తర్వాతి మైలురాయి అని ఒక్కోదాన్నీ విడిగా ఆలోచించాల్సిందే, దానికి సాఫ్ట్‌వేర్ లేదు.

హోమోసిస్టీన్ కథ ఎందుకు చెబుతున్నానంటే, అమైనో ఆమ్లాల్లో మొదటి నుంచి చివరిదాకా నడిచిన కేసు ఇదొక్కటే. 1969లో కిల్మర్ మెకల్లీ అనే పాథాలజిస్టు, పుట్టుకతో హోమోసిస్టీన్ విపరీతంగా ఉన్న పిల్లల రక్తనాళాల్లో పెద్దవాళ్ళ జబ్బు లాంటిది చూసి, మామూలు జనంలోనూ ఇదే కారణం కావచ్చన్నాడు. తర్వాత పరిశీలన అధ్యయనాలు వరసగా ఔనన్నాయి. జన్యు ఆధారమూ ఔనన్నట్టే కనబడింది: ఎంటీహెచ్ఎఫ్ఆర్ జన్యువులో 677వ స్థానంలో రెండు ప్రతులూ మారినవాళ్ళకి హోమోసిస్టీన్ ఎక్కువ, ప్రచురితమైన అధ్యయనాలన్నీ కలిపితే గుండెజబ్బు సుమారు 15 శాతం ఎక్కువ. ఫోలిక్ యాసిడ్, బీ12 ఇస్తే హోమోసిస్టీన్ తగ్గుతుంది, చవక, ప్రమాదం లేదు. ఇంకేం కావాలి?

2006లో వచ్చిన హోప్-2 పరీక్షలో 5,522 మందిని తీసుకుని, కొందరికి ఇవి, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. 2010లో వచ్చిన సెర్చ్ పరీక్షలో గుండెపోటు వచ్చి బతికిన 12,064 మందితో ఇదే చేశారు. హోమోసిస్టీన్ చక్కగా దిగింది. గుండెపోట్లు దిగలేదు. అప్పుడు 2012లో ఒక బృందం అప్పటిదాకా ప్రచురించని డేటా పోగేసింది. దాదాపు 48 వేల మంది రోగులు, అదే ఎంటీహెచ్ఎఫ్ఆర్ వేరియంట్. ఆడ్స్ రేషియో 1.02. అంటే ఏమీ లేదు. ఇంతకుముందు కనబడిన 15 శాతంలో ఎక్కువ భాగం, తేడా కనబడినవే పత్రికలకెక్కడం వల్ల వచ్చింది. జన్యువులు అబద్ధం చెప్పలేదు, మనకి సగం జవాబులే వినిపించాయి. అందుకే ఇప్పుడు మొత్తం జన్యుపటం ఫలితాలన్నిటినీ బహిరంగంగా పెట్టే పద్ధతి వచ్చాక ఈ రకం పొరపాటు బాగా తగ్గింది.

మెదడు పోటుకి (స్ట్రోక్) మాత్రం ఇదే వర్తిస్తుందనుకోకండి. చైనాలో ఫోలిక్ యాసిడ్‌ని పిండిలో కలిపే ఏర్పాటు లేని చోట, బీపీ ఉన్న 20,702 మందిలో కొందరికి ఎనలాప్రిల్ అనే బీపీ మందు ఒక్కటే, మిగతావాళ్ళకి దానితో పాటు 0.8 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చి పోల్చిన పరీక్ష 2015లో వచ్చింది. మొదటి స్ట్రోక్ 3.4 శాతం నుంచి 2.7 శాతానికి తగ్గింది. "గుండె, రక్తనాళాల జబ్బు" అని ఒకే గంపలో వేస్తే ఈ తేడా మాయమైపోతుంది. పేపర్ చదివేటప్పుడు జబ్బు పేరు కచ్చితంగా ఏమిటో చూడండి: కొరోనరీ జబ్బా, గుండె వైఫల్యమా, స్ట్రోకా, బీపీయా. ఒక్కోదానికి దారి వేరు.

ఇక పద్ధతుల గురించి నాలుగు ముక్కలు, ఎక్కువ లాగను. ఎగ్గర్, వెయిటెడ్ మీడియన్, ప్రెస్సో అనే పేర్లు (ప్లయోట్రోపీ వల్ల వచ్చే తప్పుల్ని పట్టుకోవడానికో తట్టుకోవడానికో వాడే లెక్కల పద్ధతులు) వరసగా కనిపిస్తే "అన్ని రకాలుగా సరిచూశారు" అని మురిసిపోకండి. అవన్నీ చాలా వేరియంట్లున్నప్పుడు, వాటిలో చాలావరకు మంచివే అయినప్పుడు, లేదా తప్పులు ఒక క్రమంలో లేనప్పుడు పనిచేసేవి. ఐదారు వేరియంట్లతో ఎగ్గర్ వేస్తే వచ్చే ఇంటర్సెప్ట్‌కి, అంటే ప్లయోట్రోపీ ఉందా అని చెప్పే అంకెకి, ఉన్న శక్తి స్వల్పం. "ప్లయోట్రోపీ ఆధారం కనబడలేదు" అన్న వాక్యానికి అలాంటిచోట "చూసే శక్తి మాకు లేదు" అని అర్థం. ఐదారు వేరియంట్లే ఉంటే నేను వాటిని సగటు చెయ్యడం కంటే విడివిడిగా చూస్తాను: అమైనో ఆమ్లాన్ని నేరుగా కరిగించే లేదా తయారుచేసే జన్యువులో ఉన్నవి ఒకవైపు, మిగతావి ఒకవైపు. ఫినైల్‌అలనీన్‌కి పీఏహెచ్, టైరోసిన్‌కి టీఏటీ లాంటివి మొదటి రకం. ఆపైన కోలొకలైజేషన్ చేసి, అమైనో ఆమ్లం సంకేతం, గుండెజబ్బు సంకేతం ఒకే వేరియంట్ నుంచి వస్తున్నాయా, లేక పక్కపక్కనే ఉన్న రెండు వేర్వేరు వేరియంట్ల నుంచా అని చూడాలి. ఇది లేని పేపర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి.

కొలత సంగతి కూడా ఒకటుంది. యూకే బయోబ్యాంక్ అనే బ్రిటన్ ఆరోగ్య డేటా భాండారంలో ఎన్‌ఎంఆర్ పద్ధతిలో కొలిచిన అమైనో ఆమ్లాల డేటా ఇప్పుడు అందరూ వాడుతున్నారు. ఆ రక్తం చాలామంది నుంచి పరగడుపున తీసుకున్నది కాదు. భోజనం తర్వాత బీసీఏఏలు పైకి లేస్తాయి. సంఖ్య భారీగా ఉంది కాబట్టి జన్యు సంకేతం తేలుతుంది, కానీ ఏ స్థితిలోని మట్టం గురించి మాట్లాడుతున్నామో గుర్తుండాలి. పైగా డేటాలో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్నవాళ్ళది. వేరే జనాభాలో వేరియంట్ల తరచుదనం, పక్క వేరియంట్లతో వాటి ముడి వేరుగా ఉంటాయి. యూరప్ వేరియంట్లని తెచ్చి ఆసియా గుండెజబ్బు పట్టికతో భాగించిన పేపర్లు చూశాను. ఆ భాగహారంలో లవం ఒక జనానిది, హారం ఇంకో జనానిది.

ఇప్పుడు మీ పౌడర్. పైన చెప్పిన తూము గుర్తుందిగా. జన్యువులు చెప్పేది ఎక్కువగా బయటికి పోయే దారి గురించి: పుట్టినప్పటి నుంచి, పగలూ రాత్రీ, మట్టం కాస్త పైన ఉంటే ఏమవుతుంది అని. మీరు వ్యాయామం తర్వాత తాగే పౌడర్ లోపలికొచ్చే దారి: కొద్ది గంటలు మట్టం లేచి మళ్ళీ దిగుతుంది. మొదటిదాని నుంచి రెండోదానికి నేరుగా తీర్పు తియ్యడం కుదరదు, అది మంచని అయినా, చెడని అయినా. కాబట్టి ఆ పేపర్ చూసి భయపడి మానెయ్యాల్సిన పని లేదు. గ్లైసిన్ పేపర్లు చూసి గ్లైసిన్ డబ్బా కొనాల్సిన పనీ లేదు. గుండెపోట్లు తగ్గుతాయా అని గ్లైసిన్ ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష జరిగితే అప్పుడు మాట్లాడుకుందాం. సరిపడా ప్రోటీన్ తింటున్నవాళ్ళకి బీసీఏఏ పౌడర్ వల్ల అదనంగా ఒరిగేది పెద్దగా లేదన్నది వేరే చర్చ. డబ్బు మిగుల్చుకోవడానికి మానేస్తానంటే నేను అడ్డు చెప్పను. మీ రక్త పరీక్షలో బీసీఏఏలు ఎక్కువ వచ్చి ఉంటే మాత్రం వాటిని దించే ఆలోచన పక్కన పెట్టి హెచ్‌బీఏ1సీ, ట్రైగ్లిజరైడ్లు, నడుము కొలత, బీపీ ఎలా ఉన్నాయో డాక్టర్‌తో చూపించుకోండి. కిడ్నీ, కాలేయం జబ్బులున్నవాళ్ళు ఏ ప్రోటీన్ పౌడరైనా అడిగే వాడాలి.

మీరు చదివిన పేపర్‌కి సప్లిమెంటరీ పట్టికలు తప్పకుండా ఉంటాయి. అందులో వేరియంట్ల జాబితా తెరిచి, పక్క గడిలో జన్యువు పేర్లు చూడండి. జీసీకేఆర్ ఉందా, బీసీఏఏలకి పీపీఎం1కే తప్ప ఇంకేమైనా గట్టిది ఉందా, ఒక్కోదాన్ని వదిలి లెక్కించిన వరసలో ఏది తీస్తే అంకె మారిపోతోంది, ఇన్సులిన్ నిరోధకత నుంచి వెనక్కి లెక్కేశారా. ఆ పట్టిక ఇక్కడ పెడితే వరసగా కలిసి చదువుదాం, నాకు కూడా అది ఏ పేపరో తెలుస్తుంది.